ఇంట్లోనే పూసల కమ్మలు – 4వ పాఠం: లూపులు ఎందుకు విడిపోతున్నాయి?

ఈ పాఠంలో సన్నపూసలతో ఇటుకవరస అల్లిక మొదలుపెట్టాలి. దాన్ని 5వ పాఠానికి జరుపుతున్నాను. 3వ పాఠం చూసి చేసిన హ్యాంగింగ్స్‌లో మూడు తప్పులు పదేపదే కనబడ్డాయి. చున్నీకి కాస్త తగిలితే కింది పూస రాలిపోతోంది. లూపు, అంటే పిన్ను కొసని తిప్పి చేసే సున్నా, ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోంది. బిళ్లపూస పెట్టిన కమ్మ ముఖం చూపించకుండా అంచు చూపిస్తోంది. ఇవి సరిచేసుకోకుండా అల్లికలోకి వెళ్తే, రెండు గంటలు కూర్చుని అల్లింది కూడా హుక్కు దగ్గరే ఊడిపోతుంది.

మొదటి తప్పుకి కారణం కొలత. పోయిన పాఠంలో పూస పైన 9 మి.మీ. పిన్ను (పూస గుచ్చే, కింద చిన్న తల ఉండే హెడ్‌పిన్) మిగల్చమని చెప్పాను. ప్లేయర్ (తీగ వంచే పటకారు) మొనలో ఎక్కడ పట్టుకోవాలో చెప్పలేదు. రౌండ్ నోస్ ప్లేయర్ మొన చివర సన్నగా, మొదట్లో లావుగా ఉంటుంది. 9 మి.మీ. కొలత సరిపోయేది మొన మందం 2.2 మి.మీ. ఉన్నచోటే. 1.5 మందం దగ్గర తిప్పితే 7 మి.మీ. చాలు, మిగతా 2 మి.మీ. లూపు లోపలికి దూరిపోతుంది. 3 మందం దగ్గర తిప్పితే 11.6 కావాలి, మీ దగ్గర ఉన్నది 9, కాబట్టి రెండున్నర మి.మీ. సందు మిగులుతుంది. పూస రాలిపోయేది ఆ సందులోంచే.

లెక్క ఇది: తిప్పే కడ్డీ మందానికి తీగ మందం కలిపి 3.14తో గుణించాలి. మనం వాడే హెడ్‌పిన్ 0.7 మి.మీ. కాబట్టి, సైకిల్ స్పోక్ (2 మి.మీ.) మీద తిప్పితే 8.5 వదలాలి. 12 నంబరు అల్లిక సూది (2.75 మి.మీ.) మీద అయితే 10.8, అంటే 11 అనుకోండి. రౌండ్ నోస్ ప్లేయర్ దొరకనివాళ్లు స్పోక్ ముక్కతోనే నేర్చుకోవచ్చు. నన్నడిగితే మొదట్లో అదే మేలు, మందం ఎక్కడ చూసినా ఒకటే కదా. ప్లేయర్ ఉంటే పర్మనెంట్ మార్కర్‌తో 2.2 దగ్గర ఒక గీత గీసి, ఎప్పుడూ ఆ గీత మీదే తిప్పండి. రెండు కమ్మలకీ లూపు ఒకే సైజులో రావాలంటే ఇదొక్కటే దారి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే నోస్ ప్లేయర్ లోపల పళ్లుంటాయి, తీగ మీద గాట్లు పడతాయి. వాటికి రెండు చుట్లు మెడికల్ టేప్ వేయండి.

ఒరిగిపోవడం సంగతి. పిన్నుని పూస నెత్తి మీదే 90 డిగ్రీలు వంచాలి. పూసకీ వంపుకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా పూస ఊగుతుంది. అలాగని ప్లేయర్‌తో పూసని అదిమితే గాజు అంచు పెచ్చు లేస్తుంది. బొటనవేలితో వంచండి. తర్వాత కొసని ప్లేయర్‌తో పట్టి, వంపుకి ఎదురు దిశలో చుట్టుకుంటూ రండి. మణికట్టు ఒక్క తిప్పులో అంతదూరం తిరగదు, సగంలో వదిలి మళ్లీ పట్టుకోవాలి. సున్నా పుల్లకి నడిమధ్యన నిలబడాలి. ఒక పక్కకి వేలాడుతోందంటే మొదటి 90 డిగ్రీల వంపు వేయలేదన్నమాట.

ఇక రింగు తెరిచే పద్ధతి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

జంప్ రింగుని, అంటే రెండు భాగాల్ని కలిపే చీలికున్న చిన్న తీగ రింగుని, రెండు పక్కలకీ లాగి తెరవకూడదు. లూపునీ లాగకూడదు. హుక్కు కింది కన్నునీ, గొలుసు లింకునీ కూడా లాగకూడదు. తలుపు తెరిచినట్టు తెరవాలి, ఒక కొస మీవైపుకి, రెండోది అవతలికి. లాగితే గుండ్రం కాస్తా కోలగా అవుతుంది. మళ్లీ నొక్కితే కొసలు కలిసినట్టే కనిపిస్తాయిగానీ గుండ్రం తిరిగి రాదు, కొసలు ఎదురెదురుగా కూర్చోవు. పైగా లోహం ఒకసారి సాగి, మళ్లీ ముడుచుకుని గట్టిపడుతుంది. మూడోసారి, నాలుగోసారి అలాగే చేస్తే విరుగుతుంది. పక్కకి తిప్పితే తీగ మెలిక మాత్రమే పడుతుంది, గుండ్రం చెడదు.

చేతుల్లో ఇలా ఉండాలి. రింగు చీలిక పైకి, గడియారంలో 12 దగ్గర. ఎడమ చేతి ప్లేయర్ 9 దగ్గర, కుడి చేతి ప్లేయర్ 3 దగ్గర. కుడి మణికట్టుని మీవైపు తిప్పండి. ఒక మి.మీ. సందు చాలు, లింకు దూరడానికి అంతకంటే అక్కర్లేదు. మూసేటప్పుడు వెళ్లిన దారినే వెనక్కి రావాలి, కానీ కొసలు కలిసినచోట ఆగకూడదు. లోహం కొంచెం వెనక్కి జారుతుంది. అందుకని కొసని ఎదుటి కొస దాటించి అర మి.మీ. అవతలికి తీసుకెళ్లండి, లోపలికి కొద్దిగా నొక్కుతూ వెనక్కి తెండి. రెండు కొసలూ రాసుకుంటూ వచ్చి ‘టిక్’మని కూర్చుంటాయి. ఆ చప్పుడు చెవికి వినబడుతుంది, వేలికీ తెలుస్తుంది. చప్పుడు రాకపోతే మళ్లీ దాటించండి.

కన్నుతో చూసి సరిగ్గా మూసుకుందని అనుకోవద్దు. కుట్టుమిషన్ దారం ఒక పోగు తీసి లూపులో వేసి, చీలిక వైపు లాగండి. దారం బయటికి జారిందంటే లూపు మూసుకోలేదు. దారం జారే సందులోకి చున్నీ పోగూ దూరుతుంది, జుట్టూ దూరుతుంది. దారం ఆగితే ఆ కమ్మ పెట్టుకుని పెళ్లికి వెళ్లొచ్చు.

సందు ఉన్నచోట ఇన్‌స్టంట్ గమ్ చుక్క వేసేవాళ్లున్నారు. దయచేసి వేయొద్దు. కమ్మ ఊగినప్పుడల్లా ఆ కీలు కదులుతుంది, గమ్ గట్టిగా ఎండి పెళుసుగా ఉంటుంది, పగులుతుంది. దాని ఆవిరి పక్క పూసల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, నల్ల పూసల మీద అది ఇట్టే కనిపిస్తుంది. ప్లాస్టిక్ ముత్యాల పైపూత కూడా చెడుతుంది. లూపు విప్పి మళ్లీ చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంతే. ఇంకొకటి, 0.5 మి.మీ. తీగతో చేసిన జంప్ రింగులు చవగ్గా దొరుకుతాయి. వాటిని ఎంత బాగా మూసినా వేలితో లాగితే తెరుచుకుంటాయి. 4 మి.మీ. రింగు, 0.7 తీగ అని చూసి తీసుకోండి.

మూడో తప్పు: బిళ్ల అంచు చూపించడం. మెడలోని గొలుసు ఒకసారి చూడండి. ఒక లింకు మీవైపు చూస్తుంటే దాని పక్కది అడ్డంగా ఉంటుంది, దాని తర్వాతది మళ్లీ మీవైపు. లూపులో లూపు తగిలించిన ప్రతిచోటా పావు మలుపు తిరుగుతుంది. మామూలు హుక్కు కన్ను హుక్కు వంపున్న దిశలోనే ఉంటుంది. బిళ్ల పైన లూపు బిళ్లతో సమానంగా పడుకుని ఉంటే, నేరుగా హుక్కుకి తగిలించండి, బిళ్ల ముఖం బయటికి చూస్తుంది. మధ్యలో ఒక జంప్ రింగు వేశారా, పక్కకి తిరుగుతుంది. రెండు వేస్తే మళ్లీ సరి. రెండో రింగు వేయడం ఇష్టం లేకపోతే హుక్కు కన్నుని ప్లేయర్‌తో పట్టి పావు వంతు తిప్పండి. నేను అదే చేస్తాను, రింగు తగ్గితే ఊడే చోటు ఒకటి తగ్గుతుంది. గుండ్రటి పూసలకి ఈ గొడవ లేదు.

సరుకు గురించి కొంచెం. ఒడిశాలోని పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. కొమ్ము పూసలు తేలిగ్గా ఉంటాయి కాబట్టి పెద్దవి పెట్టినా చెవి సాగదు. వాటి రంధ్రం మాత్రం వెడల్పు. హెడ్‌పిన్ తల 2 మి.మీ. లోపే ఉంటుంది, కొమ్ము పూస దాని మీదుగా జారిపోతుంది. కింద 8 నంబరు పూస, అంటే 3 మి.మీ.ది, ఒకటి అడ్డం వేసి ఆపైన కొమ్ము పూస ఎక్కించండి. చెక్క పూసలకీ ఇదే మందు. కొమ్ము నీళ్లకి ఉబ్బుతుంది, స్నానానికి ముందు తీసేయాలి.

బరువు చూసుకోవాలి. 8 మి.మీ. గాజు పూస 0.6 గ్రాముల పైచిలుకు. 10 మి.మీ.ది 1.3 దాకా తూగుతుంది. అదే 8 మి.మీ. పూస గట్టి ఇత్తడిదైతే 2 గ్రాములు దాటుతుంది. ఒక్కో కమ్మ 7, 8 గ్రాములు దాటకుండా చూసుకోండి. ఒడిశాలోని చాటికోన సంతలో డొంగ్రియా కోందు గిరిజన ఆడవాళ్ల మెడలో పూసల దండలు చూసి, అన్ని వరసలూ కమ్మల్లో కావాలనుకుంటారు. మెడ మోసే బరువు చెవి తమ్మె మోయలేదు. ఆ రంగుల వరస తీసుకోండి, పూసలు మాత్రం 11 నంబరువి, అంటే 2 మి.మీ. దాకా ఉండే సన్నవి, వాడండి.

గురివింద గింజల గురించి స్పష్టంగా చెప్పాలి. ఎర్రగా, నల్ల మచ్చతో ఎంత బాగున్నా ఇంట్లో వాటికి రంధ్రం చేయొద్దు. లోపల అబ్రిన్ అనే విషం ఉంటుంది. పైపెంకు పగలనంతవరకు అది లోపలే ఉంటుంది, డ్రిల్లుతో గుచ్చితే పొడిగా బయటికి వస్తుంది. గుచ్చిన గింజని పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ అందమే కావాలంటే 6 మి.మీ. ఎర్ర గాజు పూస మీద ఒక 11 నంబరు నల్లపూస పెట్టండి. నాలుగు అడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

హుక్కులు 92.5 వెండివి గానీ సర్జికల్ స్టీల్‌వి గానీ వాడండి. చవక హుక్కుల్లో నికెల్ ఉంటే చెవి దురద, రసి. వానాకాలంలో మన వైపు వెండి పూత తొందరగా నల్లబడుతుంది, జిప్ కవర్లో ఒక సుద్దముక్క వేసి దాచండి.

అభ్యాసం ఈసారి కాస్త గట్టిదే. మోటారు వైండింగ్ కొట్టులో 22 నంబరు రాగి తీగ 20 గ్రాములు అడగండి, ఐదున్నర మీటర్లు వస్తుంది. ఆ నంబరు తీగ మందం 0.71 మి.మీ., మన హెడ్‌పిన్‌తో సమానం. 20 ముక్కలు, ఒక్కొక్కటి 3 సెం.మీ. కత్తిరించండి. ఒక్కో ముక్కకి 6 మి.మీ. పూస ఎక్కించి రెండు కొసలా లూపు తిప్పండి. పూసకి 6, లూపులకి రెండు పక్కలా 9 చొప్పున 18, మొత్తం 24 మి.మీ. అవుతుంది, మిగతాది కత్తిరించేయాలి. ఆ 20 లింకుల్నీ జంప్ రింగు లేకుండా, లూపులు తలుపు తెరిచినట్టు తెరిచి, ఒకదానికొకటి తగిలించి గొలుసు చేయండి. 40 లూపులకీ దారం పరీక్ష పెట్టండి. తర్వాత గొలుసుని మేకుకి వేలాడదీసి కింద 100 గ్రాముల తూకం కట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే ఏ లూపు తెరుచుకుందో దాన్ని విప్పి స్కేలు పక్కన పెట్టండి. 9కి తగ్గితే కత్తిరింపు తప్పు. 9 ఉండి కూడా తెరుచుకుంటే మూయడం తప్పు. ఆ ఒక్కటే సరిచేసి, మళ్లీ వేలాడదీయండి.

5వ పాఠానికి కావలసినవి: 11 నంబరు పూసలు రెండు రంగులు, 10 గ్రాముల చొప్పున, 12 నంబరు పూసల సూది, నైలాన్ బీడింగ్ దారం. సంత పూసలైతే ముందే పళ్లెంలో పోసి, పలచనివి, లావువి వేరు చేసి పెట్టుకోండి.