ఆన్‌లైన్ క్యాసినో చెల్లించని గెలుపు సొమ్ము: ఫిర్యాదు, క్లెయిమ్ దరఖాస్తు విధానం

ఖాతాలో గెలుపు సొమ్ము కనిపిస్తూనే ఉండి, విత్‌డ్రా అభ్యర్థన మాత్రం వారాల తరబడి ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట దగ్గరే ఆగిపోయినప్పుడు, చాలామంది చాట్‌లో సిబ్బందితో వాదిస్తూ కాలం గడిపేస్తారు. ఆ వాదనతో సొమ్ము రావడం అరుదు. రాబట్టుకునే దారికి ఒక వరుస ఉంది: మొదట సంస్థకు లిఖితపూర్వక ఫిర్యాదు, ఆ తర్వాత స్వతంత్ర వివాద పరిష్కార సంస్థకు దరఖాస్తు, చివరగా కోర్టు. మొదటి మెట్టు ఎక్కకుండా రెండో మెట్టుకు పంపిన దరఖాస్తును సాధారణంగా విచారించకుండానే తిప్పి పంపుతారు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఆ సంస్థకు లైసెన్స్ ఎవరిచ్చారన్నది. వెబ్‌సైట్ అడుగు భాగంలో కంపెనీ పూర్తి పేరు, లైసెన్స్ సంఖ్య ఉంటాయి. అక్కడి ముద్రను ఎవరైనా అతికించుకోవచ్చు కాబట్టి దాన్ని నమ్మకుండా, నియంత్రణ సంస్థ స్వయంగా నిర్వహించే రిజిస్టర్‌లో ఆ సంఖ్యను వెతికి, కంపెనీ పేరూ వెబ్‌సైట్ చిరునామా రెండూ సరిపోతున్నాయో లేదో చూడండి. బ్రిటన్ గాంబ్లింగ్ కమిషన్, మాల్టా గేమింగ్ అథారిటీ, క్యూరసావ్ గేమింగ్ అథారిటీ తరచుగా ఎదురయ్యే పేర్లు. క్యూరసావ్‌లో కొద్దిమంది ప్రధాన లైసెన్స్‌దారుల కింద ఉప లైసెన్స్‌లతో సైట్లు నడిచే పద్ధతి ఉండేది. 2024 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ పద్ధతికి ముగింపు పలికింది. అందువల్ల పాత ఉప లైసెన్స్‌ను మాత్రమే చూపించే సైటు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ రిజిస్టర్‌లోనూ లేని సైటైతే ఈ వరుస పనికిరాదు. అది పోలీసులకు మోసం కింద ఫిర్యాదు చేయవలసిన విషయం.

చేదుగా ఉన్నా తప్పించుకోలేని మరో ప్రశ్న ఉంది. మీరు నివసించే చోట డబ్బు పెట్టి ఆడటం నిషిద్ధమైతే, అక్కడి కోర్టు ఆ ఒప్పందాన్నే గుర్తించకపోవచ్చు. ఇంగ్లండ్‌లో కూడా పందెం సొమ్ము కోసం దావా వేసే వీలు లేకుండా 1845 నాటి చట్టం ఒకటి అడ్డుగా ఉండేది. 2005 గాంబ్లింగ్ చట్టంలోని 335వ సెక్షన్ 2007 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాకే ఆ అడ్డు తొలగింది. కాబట్టి నిషేధమున్న చోట నివసించేవారు ఎక్కడైనా సంతకం పెట్టే ముందు న్యాయవాదిని సంప్రదించడం మంచిది.

ఆధారాల సేకరణ చెల్లింపు ఆగిన రోజే మొదలుకావాలి, ఎందుకంటే సంస్థ ఖాతాను స్తంభింపజేస్తే లోపలి వివరాలేవీ మీకు కనిపించవు. గెలిచినట్టు చూపిన తెర, ఖాతా నిల్వ, విత్‌డ్రా అభ్యర్థన తేదీ, జమల వివరాలు, బోనస్ షరతులు, ఆ రోజు అమల్లో ఉన్న నిబంధనల ప్రతి, చాట్ సంభాషణలు అన్నీ భద్రపరచండి. తెర చిత్రానికి ఎంత విలువ ఉంటుందో 2025 మార్చిలో ఇంగ్లండ్ హైకోర్టు ప్యాడీ పవర్ అనే పందేల సంస్థ కేసులో చూపించింది. తెరపై పది లక్షల పౌండ్లకు పైబడిన జాక్‌పాట్ కనిపించగా, సాంకేతిక పొరపాటు జరిగిందంటూ సంస్థ సుమారు 20 వేలు మాత్రమే చెల్లించింది. ఆటగాడికి తెర చూపించినదే చెల్లుతుందని కోర్టు తీర్పునిచ్చింది. ఐరోపా సమాఖ్యలో ఉన్నవారికి మరో సాధనం కూడా ఉంది. వ్యక్తిగత సమాచార పరిరక్షణ నిబంధనల 15వ అధికరణం కింద తన ఆట రికార్డు ప్రతిని కోరితే సంస్థ సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. ఈ హక్కును వాడుకునేవారు తక్కువే అయినా, నాకు తెలిసి ఇంత ఉపయోగపడేది మరొకటి లేదు.

ఇక ఫిర్యాదు లేఖ. ‘ఇది అధికారిక ఫిర్యాదు’ అని మొదటి వాక్యంలోనే రాసి, ఖాతా పేరు, ఆట పేరు, తేదీ, సమయం, రావలసిన మొత్తం, సంస్థ చెప్పిన కారణం, ఆ కారణం ఏ నిబంధనకు ఎందుకు సరిపోదో వివరించి, తుది సమాధానాన్ని లిఖితపూర్వకంగా కోరాలి. కోపం ఎంత న్యాయమైనదైనా లేఖలో వద్దు, ఎందుకంటే రేపు మధ్యవర్తి చదివేది ఇదే లేఖ. గుర్తింపు పత్రాలు అడిగితే ఒకేసారి పూర్తిగా పంపండి. బ్రిటన్‌లో 2019 మే నుంచి సంస్థ ఆట మొదలవకముందే పేరు, చిరునామా, పుట్టిన తేదీ నిర్ధారించుకోవాలి. అప్పుడే అడగగలిగిన పత్రాన్ని విత్‌డ్రా వేళ షరతుగా పెట్టకూడదు. అలా పెడితే ఆ విషయాన్ని లేఖలో ప్రత్యేకంగా పేర్కొనండి.

బ్రిటన్ లైసెన్స్ ఉన్న సంస్థకు ఎనిమిది వారాల గడువు ఉంటుంది. ఆలోగా తేలకపోయినా, తుది సమాధానం నచ్చకపోయినా, సంస్థ నిబంధనల్లో పేర్కొన్న వివాద పరిష్కార సంస్థకు ఉచితంగా దరఖాస్తు చేసుకోవచ్చు. 1998 నుంచి పనిచేస్తున్న ఐబాస్ అలాంటిదే. ఆన్‌లైన్ దరఖాస్తుకు తుది సమాధాన లేఖను, ఆధారాలను జతచేసి, మీరు కోరేది ఏమిటో ఒక్క వాక్యంలో స్పష్టం చేయండి. గాంబ్లింగ్ కమిషన్ వ్యక్తుల సొమ్ము ఇప్పించదు, అయినా అక్కడ కూడా సమాచారం నమోదు చేయించండి, ఎందుకంటే లైసెన్స్‌పై చర్యలు అలాంటి సమాచారంతోనే మొదలవుతాయి. మాల్టాలోనూ వరుస ఇదే. నియమాల ఉల్లంఘనను అక్కడి అథారిటీ ఆటగాళ్ల సహాయ విభాగానికి తెలియజేయవచ్చు. ఐరోపా సమాఖ్య నడిపిన ఆన్‌లైన్ వివాద వేదిక 2025 జులై 20న మూతపడింది కనుక దానికి దరఖాస్తు పెట్టమనే పాత సలహాలను పక్కన పెట్టండి.

అక్కడా తేలకపోతే కోర్టు. ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు చిన్న మొత్తాల విధానంలో దావా వేయవచ్చు. ఒప్పందం మీద దావాకు కాలపరిమితి ఆరేళ్లు. ఐరోపా సమాఖ్యలో వేర్వేరు దేశాల్లో ఉన్న పక్షాల మధ్య వివాదాలకు 5,000 యూరోల వరకు ప్రత్యేక విధానం ఉంది. మాల్టా సంస్థపై స్లొవేనియా ఆటగాడు వేసిన కేసులో, పోకర్‌లో సుమారు 2,27,000 యూరోలు గెలిచినంత మాత్రాన అతడు వినియోగదారుడు కాకుండా పోడని ఐరోపా న్యాయస్థానం 2020 డిసెంబరు 10న స్పష్టం చేసింది; వినియోగదారుడైతే సొంత దేశంలోనే దావా వేసుకోవచ్చు. 2021లో ఇంగ్లండ్ హైకోర్టు బెట్‌ఫ్రెడ్ అనే పందేల సంస్థ చేత 17 లక్షల పౌండ్లు చెల్లించేలా చేసింది. సాఫ్ట్‌వేర్ లోపం నెపంతో చెల్లింపును తప్పించే షరతులు తగినంత స్పష్టంగా లేవన్నది అక్కడ కీలకమైంది. అయితే ఆ గెలుపు 2018 జనవరిది. మూడేళ్లకు పైగా పట్టింది. మోసపూరిత పద్ధతితో గెలిస్తే కోర్టు కూడా ఆదుకోదు: పేరున్న పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ ఒక క్యాసినోపై 77 లక్షల పౌండ్ల కోసం వేసిన దావా 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టులో వీగిపోయింది.

ఈ ప్రక్రియ నడుస్తుండగా రెండో ఖాతా తెరవకండి, ఆ సాకుతోనే మొదటి ఖాతా సొమ్మును జప్తు చేసే నిబంధనలు సాధారణం. కార్డు బ్యాంకు ద్వారా జమలను వెనక్కి లాగడం గెలుపు సొమ్ముకు దారి కాదు. అలా చేస్తే ఖాతా మూసేయడానికి సంస్థకు మీరే కారణం అందించినట్టవుతుంది. ముందుగా రుసుము చెల్లిస్తే మొత్తం వసూలు చేసి పెడతామంటూ ఫోన్ చేసేవారికి, వారు ఏ అధికార సంస్థ పేరు చెప్పినా, గుర్తింపు పత్రాలూ డబ్బూ రెండూ ఇవ్వకండి.