ఎవరి పని ఎవరిది? లైబ్రరీకీ పిలిచే కోడుకీ మధ్య సమస్యలు - పరిష్కారాలు

పలాస - కాశీబుగ్గ ప్రాంతంలోని జీడి వ్యాపారుల కోసం, ఎలక్ట్రానిక్ కాటా చూపే బరువును బిల్లింగ్ ప్రోగ్రాములోకి తెచ్చే చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఫంక్షన్ల కట్ట) ఒకటి సి భాషలో రాసి, కొన్నేళ్ళుగా దాని బాగోగులు చూసుకుంటున్నాను. కాటా సీరియల్ కేబుల్ మీద పంపే అక్షరాలను చదివి బరువుగా మార్చి ఇవ్వడమే దాని ముఖ్యమైన పని; జీడిపప్పు గ్రేడు లెక్క కూడా చేస్తుంది. దాన్ని పిలిచే కోడు, అంటే బిల్లింగ్ ప్రోగ్రాములు, రాసేది వేరేవాళ్ళు. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో లెక్క తప్పినవి తక్కువ. ఒక పని మీదంటే మీదని ఇరువైపులా అనుకుని, చివరికి ఎవరూ చేయకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. వాటిలో తరచుగా ఎదురయ్యేవాటిని, ఫిర్యాదు నా దాకా ఏ రూపంలో వచ్చిందో ఆ రూపంలోనే కింద ఇస్తున్నాను.

సమస్య: పొద్దున్న బాగానే నడిచిన ప్రోగ్రాము సాయంత్రానికి నత్తనడక నడుస్తుంది

కారణం: బరువు చదివే ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ ఒక కిలోబైటు మెమరీని కొత్తగా తీసుకుని, అందులో కాటా పంపిన వరుసను నింపి, దాని పాయింటరును (అది మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామాను) తిరిగి ఇచ్చేది. ఆ మెమరీని విడుదల చేయవలసింది పిలిచినవారని నేను అనుకున్నాను కానీ, ఆ మాట ఎక్కడా రాయలేదు. సెకనుకు పదిసార్లు చదివే ప్రోగ్రాము పది గంటలు నడిస్తే 3,60,000 సార్లు చదువుతుంది. అంటే సుమారు 350 మెగాబైట్లు ఎవరికీ చెందకుండా పేరుకుపోతాయి. పాత కంప్యూటరుకు అది మోయలేని భారం.

మొదట నేను చేసిన మరమ్మతు రోగం కంటే చెడ్డది. మెమరీ తీసుకోవడమే మానేసి, లైబ్రరీ లోపల ఒకే బఫరు (అక్షరాలు నింపే మెమరీ ముక్క) పెట్టుకుని ప్రతిసారీ దాని పాయింటరునే ఇచ్చాను. మరుసటి వారమే ఇంకో ఫిర్యాదు వచ్చింది: జీడి పిక్కల బస్తా కాటా మీద నిండుగా కనబడుతూనే ఉంది, తెర మీద మాత్రం నికర బరువు సున్నా. ప్రోగ్రాము ముందు ఖాళీ గోనె బరువునూ, తరువాత నిండు బస్తా బరువునూ చదివి, రెండు పాయింటర్లనూ దాచుకుని, ఆ తరువాత తీసివేత చేస్తోంది. రెండు పాయింటర్లూ ఒకే బఫరును చూపుతున్నాయి గనుక ఖాళీ గోనె బరువు కూడా 80 కిలోలు దాటినట్టే కనబడింది. సి ప్రామాణిక లైబ్రరీలోని సమయాన్ని ఇచ్చే లోకల్‌టైమ్ ఫంక్షన్‌తోనూ ఇదే చిక్కు ఉంది; ఆ సంగతి తెలిసి కూడా అదే పొరపాటు చేశాను.

పరిష్కారం: బఫరునూ దాని పరిమాణాన్నీ పిలిచే కోడే ఇవ్వాలి. లైబ్రరీ అందులో రాస్తుంది, ఆ పాయింటరును దాచుకోదు, చోటు చాలకపోతే ఎంత కావాలో చెబుతుంది. మెమరీ ఎవరు తెచ్చారో వారే విడుదల చేస్తారు కాబట్టి అడగవలసిన ప్రశ్నే మిగలదు. లైబ్రరీయే మెమరీ తీసుకోక తప్పని చోట, దాన్ని విడుదల చేసే ఫంక్షన్ కూడా లైబ్రరీయే ఇవ్వాలి. ముఖ్యంగా విండోస్‌లో లైబ్రరీ ఒక రన్‌టైమ్‌తో (మెమరీ ఇచ్చిపుచ్చుకోవడం వంటివి చూసే తోడు కోడుతో), ప్రోగ్రాము మరొకదానితో తయారైనప్పుడు, ఒకరు తీసుకున్న మెమరీని మరొకరు సి భాషలోని మామూలు ఫ్రీ ఫంక్షన్‌తో విడుదల చేస్తే ప్రోగ్రాము కూలిపోవచ్చు. ఈ విషయంలో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీని చూసి నేర్చుకోవచ్చు. డేటాబేస్‌కు అక్షరాలను అందించే దాని బైండ్ టెక్స్ట్ ఫంక్షన్‌కు ఐదో పారామీటరు ఒకటి ఉంది: ఇచ్చిన అక్షరాలు మారకుండా ఉంటాయని హామీ ఇస్తున్నారా, వెంటనే నకలు తీసుకోమంటున్నారా, లేక పని అయ్యాక ఫలానా ఫంక్షన్‌తో విడుదల చేయమంటున్నారా అన్నది అక్కడ చెప్పి తీరాలి. బాధ్యతను పత్రానికి (వాడే విధానం రాసిన కాగితానికి) వదిలేయకుండా పిలుపులోనే అడగడం అంటే ఇదే.

సమస్య: గ్రేడు తప్పు వస్తోంది, లేదా ఏ గ్రేడూ రావడం లేదు

గుండు పప్పు (విరగని జీడిపప్పు) గ్రేడును పౌండుకు ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్కతో నిర్ణయిస్తారు; డబ్ల్యూ 320 అంటే పౌండుకు 300 నుంచి 320 గింజలు. పిక్కల కొనుగోలు మాత్రం కిలోల్లోనే జరుగుతుంది. ఒక ప్రోగ్రాము అరకిలో నమూనాలో 343 గింజలు లెక్కపెట్టి, బరువు స్థానంలో 0.5 అని పంపింది. లైబ్రరీ దాన్ని అర పౌండు అనుకుని పౌండుకు 686 గింజలని తేల్చింది. గుండు పప్పులో అలాంటి గ్రేడే లేదు. సరైన లెక్క 311, అంటే డబ్ల్యూ 320.

కారణం: ఫంక్షన్ తీసుకునేది ఉత్త సంఖ్య, సంఖ్యకు కొలమానం ఉండదు. నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాశనం కావడానికి మూలం కూడా ఇలాంటి సరిహద్దు దగ్గరే ఉంది: భూమి మీది ఒక సాఫ్ట్‌వేరు పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలు ఇచ్చింది, వాటిని అందుకున్న సాఫ్ట్‌వేరు న్యూటన్ సెకన్లుగా తీసుకుంది, తేడా 4.45 రెట్లు. ఏ వైపు ప్రోగ్రామును విడిగా పరీక్షించినా తన లెక్క తనకు సరిగ్గానే కనబడుతుంది.

పరిష్కారం: పారామీటరు పేరులో కొలమానాన్ని చేర్చడం కనీస జాగ్రత్త. అంతకంటే మంచిది బరువుకు ఒక ప్రత్యేక టైపు పెట్టి, గ్రాముల నుంచి గానీ పౌండ్ల నుంచి గానీ తప్ప దాన్ని తయారుచేసే దారి లేకుండా చేయడం. అప్పుడు పిలిచేవారు తమ దగ్గర ఉన్నదేమిటో చెప్పక తప్పదు, మార్చే పని లైబ్రరీది అవుతుంది. లోపల మేము గ్రాములను పూర్ణాంకాలుగా దాస్తాము.

సమస్య: కేబుల్ ఊడిపోయినా బిల్లు సున్నా బరువుతో అచ్చవుతోంది

కాటా ఖాళీగా ఉన్నా సున్నాయే, కేబుల్ ఊడినా సున్నాయే వస్తే, పిలిచే కోడు ఎంత జాగ్రత్తగా ఉన్నా తేడా పట్టలేదు. అక్షరాలను సంఖ్యగా మార్చే, సి భాషలోని ఏటాయ్ ఫంక్షన్‌ది కూడా ఇదే లోపం. అదే పని చేసే స్ట్ర్‌టోల్ మాత్రం చదవడం ఎక్కడ ఆగిందో విడిగా చెబుతుంది. పని జరిగిందా లేదా అన్నది రిటర్న్ విలువలో, బరువు వేరే పారామీటరులో వచ్చేలా మార్చండి. మళ్ళీ ప్రయత్నించాలా, వాడేవారికి ఏమని చెప్పాలి అన్న నిర్ణయాలు పిలిచే కోడువి. లైబ్రరీ తనంతట తాను తెర మీద సందేశాలు రాయకూడదు. ప్రోగ్రామును ముగించే ఎగ్జిట్ ఫంక్షన్‌ను పిలిచి సగంలో ఉన్న బిల్లుతో సహా ప్రోగ్రామును ఆపేయడం అసలే కూడదు.

సమస్య: రెండోసారి తెరిస్తే పోర్టు ఖాళీగా లేదంటోంది

మధ్యలో తప్పు వచ్చినప్పుడు ప్రోగ్రాము మూసే పిలుపు దాకా రాకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. తెరిచినవారే మూయాలి అన్న నియమం రెండు వైపులా వర్తిస్తుంది: ప్రోగ్రాము తానే తెరిచి ఇచ్చిన పోర్టును లైబ్రరీ మూయకూడదు. మూసే ఫంక్షన్ ఖాళీ హ్యాండిల్‌ను (తెరిచిన పోర్టుకు గుర్తుగా ఇచ్చే విలువను) కూడా మౌనంగా ఒప్పుకునేలా ఉంటే తప్పుల దారిలో కోడు రాయడం తేలికవుతుంది.

సమస్య: బరువు నిలకడకు రాగానే ప్రోగ్రాము బిగుసుకుపోతోంది

కారణం: లైబ్రరీ లాకు (ఒకసారికి ఒకరినే లోపలికి రానిచ్చే తాళం) పట్టుకుని ఉండగానే పిలిచేవారి కాల్‌బ్యాక్‌ను (బరువు నిలకడకు వస్తే పిలవమని వారు ఇచ్చిన ఫంక్షన్‌ను) పిలుస్తోంది, ఆ కాల్‌బ్యాక్ మళ్ళీ లైబ్రరీలోకి వచ్చి అదే లాకు కోసం ఎదురుచూస్తోంది. కావలసిన విలువలను నకలు తీసుకుని, లాకు వదిలాకే బయటి కోడును పిలవాలి. కాల్‌బ్యాక్ ఏ థ్రెడ్‌లో (ప్రోగ్రాములో విడిగా నడిచే ఏ పని వరుసలో) నడుస్తుందో కూడా రాసి పెట్టాలి.

సమస్య: అన్నీ పత్రంలో రాశాం, అయినా అందరూ అదే తప్పు చేస్తున్నారు

తీర్చే సాధనం ఇవ్వకుండా బాధ్యత అప్పగించామేమో చూడండి. ఒక వరుసను చదివే, సి భాషలోని గెట్స్ ఫంక్షన్‌కు బఫరు పరిమాణం చెప్పే దారే లేదు, కాబట్టి ఎంతటి జాగ్రత్తపరుడు పిలిచినా అది సురక్షితం కాదు. 2011 నాటి సి ప్రమాణంలో దాన్ని తొలగించవలసి వచ్చింది. బెర్ట్రాండ్ మేయర్ తాను రూపొందించిన ఐఫెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, పిలిచేవారు ముందుగా నెరవేర్చవలసిన షరతులనూ, ఫంక్షన్ తిరిగి ఇచ్చే హామీలనూ కోడులోనే రాసే ఏర్పాటు చేశారు. పిలిచేవారు ముందే పరీక్షించుకోలేని షరతును అక్కడ పెట్టడం అన్యాయం. అలాంటిదాన్ని లైబ్రరీయే పరీక్షించి ఫలితంగా చెప్పాలి.

పైన చెప్పినలాంటి లోపమున్న ఫంక్షన్‌ను ఉన్న పేరుతోనే మార్చకండి. కొత్త పేరుతో పక్కన మరొకటి పెట్టి, పాతదాన్ని పిలిస్తే కంపైలరు హెచ్చరించేలా చేసి, ఒక సీజను పాటు రెండూ ఉంచండి. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొత్త పిక్కలు మార్చి నుంచి వస్తాయి. మార్పులను సంక్రాంతి లోపే ఇచ్చేస్తే, బిల్లింగ్ ప్రోగ్రాములవారు కాటా దగ్గర బస్తాలు వరుస కట్టకముందే తమ వైపు సరిచూసుకోగలుగుతారు.