ఇంటిపేరు ఏ ఊరిదో తెలుసుకోవడం ఎలా

ముందు ఇంటిపేరు చివర ఏముందో చూడండి. ‘ఊరి’ ఉంటే ‘ఊరు’గా, ‘పాటి’ ఉంటే ‘పాడు’గా మార్చి చదవండి. కందుకూరి వారిది కందుకూరు, నూతలపాటి వారిది నూతలపాడు. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కాబట్టి మ్యాపు చూసి తేల్చేయకండి. పాత భూమి దస్తావేజులు వెతకండి. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలోని కాగితంలో ముత్తాత పేరు పక్కనే ‘కాపురస్థులు’ అంటూ ఊరు, తాలూకా స్పష్టంగా ఉన్నాయి. నాకు అంతకు మించిన ఆధారం దొరకలేదు.

కరణం, పూజారి వంటివి వృత్తి పేర్లు. వాటికి ఊరు వెతకనక్కర్లేదు.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలని అనుకోకండి. ఒకే ఊరి పేరు వేర్వేరు కులాల వారికీ ఉంటుంది. పెద్దవాళ్లను అడిగేటప్పుడు అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు తప్పకుండా రాసుకోండి. చాలా ఇళ్లలో వాటిని ఎవరూ రాసిపెట్టలేదు.