ఉద్యోగం పోయాక లారీ స్టీరింగ్ పట్టాలంటే

కంపెనీ లెక్క తేల్చి చేతిలో పెట్టిన డబ్బుతో నేరుగా డ్రైవింగ్ స్కూలుకు వెళ్లకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెవీ లైసెన్సుకు కంటిచూపు, బీపీ, షుగరు, గుండె చూస్తారు. రాత్రి గట్టిగా గురకపెట్టి, పగలు కునికిపాట్లు పడే అలవాటుంటే దాచకుండా చెప్పండి. అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. దాచిపెడితే మాత్రం స్టీరింగ్ మీదే నిద్ర ముంచుకొస్తుంది. ఫీజు కట్టడం మెడికల్ పాసయ్యాకే.

స్కూల్లో ఫీజు ఎంతో అడిగే ముందు ఒక బండికి ఎంతమంది నేర్చుకుంటారో, స్టీరింగ్ మీ చేతికి మొత్తం ఎన్ని గంటలు ఇస్తారో, లోడు బండి మీద నేర్పుతారో లేదో అడగండి. ఖాళీ లారీ మీదే నేర్చుకున్నవాళ్లకు లోడెక్కిన లారీ కొత్త బండి కిందే లెక్క. ఆటోమేటిక్ బండితో టెస్ట్ పాసైతే కొన్ని దేశాల్లో గేర్ల బండి నడపనివ్వరు, అదీ కనుక్కోండి.

కారు అలవాటు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది బ్రేకు దగ్గర. కారులో పెడల్ తొక్కగానే ఆయిల్ ఒత్తిడి చక్రానికి చేరుతుంది. ఎయిర్ బ్రేకుల లారీలో గాలి పైపుల గుండా వెళ్లాలి, దానికి అర సెకను దాకా పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అర సెకనంటే 11 మీటర్లు. బ్రేకు పట్టకముందే అంత దూరం పోతారు.

అందుకే రోజూ బండి తీసే ముందు గాలి చూడాలి. గాలి ట్యాంకులు నిండగానే, గాలిలో తేమ తీసే డ్రైయర్ బుస్సుమని గాలి వదులుతుంది. అప్పుడు చదును నేల మీద చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి ఉంచండి. గేజి ముల్లు 0.2 బార్ (గాలి ఒత్తిడి కొలత) కంటే ఎక్కువ పడితే ఎక్కడో లీకుంది. తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి దించండి. 4 బార్‌కు తగ్గేలోపే హెచ్చరిక దీపం వెలగాలి. ఇంకా దించితే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఈ బ్రేకుల్లో గాలి చేసే పని ఆ స్ప్రింగును వెనక్కి పట్టి ఉంచడమే. గాలి పోయిన బండి కదలకపోవడానికి కారణం ఇదే.

చక్రాల దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ గడపండి. నట్టు చుట్టూ తుప్పు చారలు గీతల్లా సాగి కనిపిస్తే ఆ నట్టు వదులైందని అనుమానించాలి. టైరు మార్చిన తర్వాత 50 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించి చూడాలి.

ఘాటు రోడ్డులో దిగడం మొదలుకాకముందే గేరు తగ్గించండి. మధ్యలో తగ్గించబోతే గేరు పడక బండి న్యూట్రల్‌లో చిక్కుకుంటుంది. డీజిల్ మిగులుతుందని కావాలని న్యూట్రల్‌లో దించేవాళ్ల మాట అసలు వినకండి. పెడల్ మీద కాలు ఆనించే ఉంచితే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు వేడెక్కి, వ్యాకోచించి, వాటిని ఒరుసుకుని ఆపే లైనింగులకు దూరమవుతాయి. ఎంత తొక్కినా పట్టు దొరకదు. 40 వేగం భద్రమనుకుంటే, 40 చేరగానే గట్టిగా తొక్కి 32కి దించి, పూర్తిగా వదలండి. మళ్లీ 40కి వస్తే మళ్లీ అంతే.

ట్రెయిలర్ రివర్స్ చాలామందిని ఏడిపిస్తుంది. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకోండి. ట్రెయిలర్ వెనకభాగం ఎటు పోవాలో చేతిని అటే జరపండి. కొంచెమే తిప్పండి, మెల్లగా పోండి. వంకర పెరిగితే ముందుకు తీసి తిన్నగా చేసుకోండి, అందులో తప్పేమీ లేదు. అద్దంలో కనపడని చోటు ఉంటే దిగి చూడాల్సిందే.

లోడు కట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన లెక్క: సడన్ బ్రేకుకు సరుకు ముందుకు దూసుకురాకుండా దాని బరువులో 80 శాతాన్ని ఆపగలిగేలా కట్టాలి, పక్కలకూ వెనక్కూ 50 శాతం. అంటే 10 టన్నుల సరుకుకు ముందువైపు 8 టన్నుల పట్టు. బయల్దేరాక తొలి అరగంటలోనే ఆగి బెల్టులు చూడండి, సరుకు సర్దుకుని అవి వదులవుతాయి.

లైసెన్సు రాగానే మిగిలిన డబ్బుతో సొంత లారీ కొనకండి. కనీసం ఏడాది ఒకరి దగ్గర నడపండి. చేరే ముందు లోడింగ్ దగ్గర పడిగాపులు పడే గంటలకు జీతం ఉందో లేదో, ఓవర్‌లోడ్ ఫైన్ ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి.