పెంగ్ దెహువాయ్ మీద సెమినార్ చెప్పాలంటే

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఈ చైనా సేనాపతి మీద సెమినార్ అనగానే చాలామంది యుద్ధాల తేదీలు ఏకరువు పెడతారు. మీరు ఆకలి దగ్గర మొదలుపెట్టండి. ఆయన చివరిదాకా పోరాడింది దానితోనే.

పెంగ్ 1898లో హునాన్‌లోని శ్యాంగ్‌తాన్ ప్రాంతంలో పుట్టాడు. చైనా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు మావోదీ అదే ప్రాంతం. చిన్నతనంలో ఇల్లు గడవక అడుక్కున్నాడు, బొగ్గు గనిలో కూలికి పోయాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, కరువు రోజుల్లో నడిచిన గంజి కేంద్రాల గురించి ఇంట్లో అవ్వాతాతలు చెప్పినవి ఎవరికైనా గుర్తున్నాయేమో క్లాసులో అడగండి. మన సీమ పిల్లలకు ఆ తర్వాత వేరే వివరణ అక్కర్లేదు.

1928లో పెంగ్ నడిపిన పింగ్‌జ్యాంగ్ తిరుగుబాటు, కమ్యూనిస్టు సేనలు శత్రువును తప్పించుకుంటూ వేల మైళ్లు నడిచిన లాంగ్ మార్చ్, 1940లో జపాన్ మీద వంద రెజిమెంట్ల దాడి: వీటిని చార్టు మీద రాసి, వేలు పెట్టి చూపించి ముందుకు సాగండి.

కొరియా యుద్ధం దగ్గర మాత్రం తొందరపడొద్దు. అట్లాసులో చైనా, కొరియాల సరిహద్దున ఉన్న యాలూ నది చూపించండి. 1950 అక్టోబరులో ఆయన సేనలు దాన్ని దాటాయి. పొయ్యి రాజేస్తే పొగ చూసి అమెరికా విమానాలు బాంబులేసేవి. అందుకని సైనికులు వేయించిన పిండి సంచిలో మోసుకుపోయి, గుప్పెడు నోట్లో వేసుకుని మంచు తినేవాళ్లు. ఈ ఒక్క వివరం చెబితే, తిండి సరఫరా కోసం పెంగ్ ఎందుకంత తపించాడో అర్థమవుతుంది. ఆ నవంబరులోనే పెంగ్ స్థావరం మీద బాంబు పడి మావో కొడుకు అన్‌యింగ్ చనిపోయాడు. 1953 జూలై 27న యుద్ధ విరామం కుదిరింది.

తర్వాత రక్షణమంత్రి, మార్షల్. 1958 చివర్లో సొంత ప్రాంతానికి వెళ్లి, పంట లెక్కలకూ జనం కంచాలకూ పొంతన లేదని కళ్లారా చూశాడు. 1959 జూలై 14న, లూషాన్‌లో పార్టీ సమావేశం జరుగుతుండగా, ఈ సంగతుల మీదే మావోకు ఉత్తరం రాశాడు. అది మావో ఒక్కడికే రాసిన ఉత్తరం. మావో దాన్ని అచ్చేయించి అందరికీ పంచాడు. పెంగ్ పదవి పోయింది, ఆ కుర్చీలో మరో మార్షల్ లిన్ బియావ్ కూర్చున్నాడు. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవంలో దెబ్బలు తిని, 1974లో నిర్బంధంలోనే కన్నుమూశాడు. 1978లో పార్టీ ఆయన గౌరవం తిరిగి నిలబెట్టింది.

‘సైన్యం చేతిలో ఉంది కదా, ఎదురు తిరగలేదేం సార్?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆయన మనసులో ఏముందో ఊహించి చెప్పకండి. జరిగింది చెప్పండి: పార్టీ సభ్యుడిగా ఉత్తరం రాశాడు, ఒత్తిడి పెరిగాక ఆత్మవిమర్శ చేసుకున్నాడు. ఆయన వైపు నిలిచిన పార్టీ నాయకులు హువాంగ్ కెచెంగ్, జాంగ్ వెన్‌తియాన్ కూడా పదవులు పోగొట్టుకున్నారు.