నాలుగు తేదీలతో పోస్ట్‌మోడర్న్ చరిత్ర: ఇంట్లో చేసుకునే అభ్యాసం

ముందు పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద నాలుగు తేదీలు రాయండి. 1952 అక్టోబర్ 19: మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలు. డిసెంబర్ 15: మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో మరణం. డిసెంబర్ 19: ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటన, మద్రాసు నగరం మినహా. 1953 అక్టోబర్ 1: కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం.

పోస్ట్‌మోడర్న్ థియరీ, అంటే చరిత్రకి ఒకే ఒక్క కథ ఉండదనే వాదం, బుర్రకెక్కడం లేదంటూ చెన్నై మాంబళంలో మా ఇంటికొచ్చే ఎమ్మే పిల్లలందరిచేతా నేను చేయించే పని ఇదే. ఫ్రాన్సు తత్వవేత్తల సంగతులతో కుస్తీ పట్టేకన్నా రాయపేట హైరోడ్డులోని శ్రీరాములు స్మారక భవనం దాకా ఓసారి వెళ్లొస్తే సగం పని అయిపోతుంది.

కాగితం మీద తేదీలున్నాయి గాని కథ ఇంకా లేదు. అమెరికన్ చరిత్రకారుడు హేడెన్ వైట్ 1973లో ‘మెటాహిస్టరీ’లో పట్టుకున్న కీలకం అక్కడే ఉంది. జరిగినవి వరసగా పేర్చడం ఒక పని, వాటిని కథగా అల్లడం ఇంకో పని. ఆ అల్లికకు రొమాన్స్, ట్రాజెడీ, కామెడీ, సెటైర్ అని నాలుగు తీరులు చెప్పాడాయన. మీరూ నాలుగుసార్లు రాయండి, ఒక్కోటి అరపేజీ.

దీక్షతో మొదలుపెట్టి అక్టోబర్ 1 దగ్గర ఆపితే వీరగాథ, అదే వైట్ చెప్పిన రొమాన్స్. మనం బళ్లో చదివింది అదే కాబట్టి చకచకా వచ్చేస్తుంది. ‘మద్రాసు మనదే’ అన్న నినాదంతో ఎత్తుకుని డిసెంబర్ 19 దగ్గర ఆపండి, అదే మరణం విషాదమైపోతుంది. కామెడీ అంటే హాస్యం అనుకోకండి, వైట్ లెక్కలో చివరికి అంతా సర్దుకోవడం. దాని ముగింపు ఇవాళ్టి చెన్నైలో పెట్టాలి: ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే తమిళం మాట్లాడే మా బోటి వాళ్ల దగ్గర. సెటైర్‌కి మాత్రం కర్నూలు మీదుగా 1956 నాటి హైదరాబాదుకీ, అక్కణ్ణుంచి 2014కీ పోవాలి. పిల్లలు ఇదే బాగా రాస్తారెందుకో.

ఇక్కడికొచ్చాక ఫ్రెంచి తత్వవేత్త లియోటార్‌ని తెరవచ్చు. 1979లో ఆయన మహాకథనాల మీద, అంటే అన్నిటికీ ఒకే అర్థం చెప్పే పెద్ద కథల మీద, నమ్మకం సడలిందన్నాడు. ‘భాషకో రాష్ట్రం వస్తే కష్టాలు తీరతాయి’ అన్నది మన ముంగిట్లోని మహాకథనం. దాని పక్కన మీ ఇంటి పెద్దల మాట ఒకటి రాసిపెట్టండి. మా అత్తగారి లెక్కలో 1953 అంటే మరిదికి కర్నూలు బదిలీ అయిన ఏడు, గుడారాల్లో ఆఫీసులు, మండే ఎండలు. అందులో ఆంధ్ర రాష్ట్రం మాటే రాదు. ఇంకో ఫ్రెంచి తత్వవేత్త ఫూకో అయితే ఇంకోటి అడుగుతాడు: శ్రీరాములు పోయాక జరిగిన అల్లర్లలో పోలీసు కాల్పులకు చనిపోయినవాళ్లు మీ నాలుగు కథల్లో ఎక్కడ?

కాలం సంగతికొస్తే పంచాంగం తీయండి. 1952 నందన, 2012 కూడా నందనే. ఒకే పేరు తిరిగొచ్చే లెక్కలో ‘ప్రగతి’ అనే సూటిగీత గీయడం కష్టం. అలాగని ‘మన కాలం చక్రం, పడమటివాళ్లది గీత’ అనేశారో, అదీ ఓ మహాకథనమే. కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచిన చట్టంలో ఉన్నది ఇంగ్లీషు తేదీయే కదా.

ఒక్క హెచ్చరిక. కథ మారుతుంది గాని తేదీ మారదు. దీక్ష నెలరోజులే సాగిందని ఎవరైనా రాస్తే అది ‘మరో కథనం’ కాదు, తప్పు. పోస్ట్‌మోడర్న్ అంటే ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పుకోవచ్చని అర్థం చేసుకున్నవాళ్లకి నేను రెండోసారి కాఫీ ఇవ్వను.

చివరగా, కాగితం పట్టుకుని పక్కింటి తమిళ పెద్దాయన్ని కలవండి. ఆ తేదీలే చూపించండి. ఆయన కథ తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానంతో, మద్రాసును వదులుకోం అన్న పోరాటంతో మొదలవుతుంది, 1953 దగ్గర ఆగదు. తిరుపతి దక్కలేదన్న బాధ మధ్యలో వస్తుంది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిన 1960 దగ్గర గాని ముగియదు.