అన్నం డోలు – 4వ పాఠం: ముద్ద ఎంత, ఎక్కడ, ఎందుకు

ఈసారి వాయింపు మొదలుపెడతానని మాట ఇచ్చాను. అది ఇంకో వారం ఆగాలి. గత పాఠంలో, డోలును శృతి చేయడానికి తోలు నడిమధ్య ‘మెదిపిన అన్నం తగినంత అంటించండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ‘తగినంత’ చాలామందిని ముంచింది. ఒకరు ఉసిరికాయంత ముద్ద పెట్టి, డోలు మూగబోయిందన్నారు. ఇంకొకరు నెయ్యి కలిసిన అన్నం వాడారు. పది దెబ్బలకే ఊడి పడింది. మరొకరు రాత్రంతా అలాగే వదిలేశారు. తెల్లారేసరికి అది రాయిలా గట్టిపడింది, గోటితో గీకబోతే తోలు చిరిగింది. ఆ తోలు సంగతి విని నాకు నిజంగా బాధ కలిగింది.

వియత్నాం వాళ్లు ఈ డోలును ‘చోంగ్ కమ్’ అంటారు. చోంగ్ అంటే డోలు, కమ్ అంటే అన్నం. పేరులోనే ఉన్న పదార్థాన్ని తేలికగా తీసుకోకూడదు. మెడలో అడ్డంగా వేలాడదీయడం, రెండు చేతులతో వాయించడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఎక్కువమంది చేసిన పొరపాటు ఒకటే: శృతి తగ్గినట్టు అనిపించగానే ఇంకాస్త అన్నం వేయడం. అన్నం శృతిని దించుతుంది, పెంచదు. నడుమ బరువు పెరిగితే తోలు నెమ్మదిగా కంపిస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. స్వరం పెరగాలంటే అన్నం కొంత తీసేయాలి, లేదా తాళ్లు బిగించాలి. వానాకాలంలో తోలు చెమ్మ పీల్చి సాగుతుంది. అప్పుడు ముద్ద పెంచితే శృతి ఇంకా కిందికి దిగుతుంది. ముందు తాళ్లు బిగించి, కావలసిన స్వరం కంటే కొంచెం పైన నిలపండి. అక్కడి నుంచి అన్నంతో కిందికి దిగండి. ఎప్పుడూ పైనుంచి కిందికే. ఆరేకొద్దీ శృతి పైకి జరుగుతోందని ఒకరు అడిగారు. అదీ ఇదే లెక్క: నీరు పోయింది, బరువు తగ్గింది. తడి వేలితో ఒకసారి అద్దితే చాలు.

కచేరీకి ముందు మృదంగం ఎడమ ముఖానికి రవ్వముద్ద అద్దేవారికి ఇది కొత్త కాదు. అయితే బరువు శృతిని దించడంతో ఊరుకోదు. వట్టి తోలులో మొదటి అనుస్వరం (మూలస్వరంతో పాటే పైన పలికే స్వరం) కంపనాల లెక్కలో మూలస్వరానికి సుమారు 1.59 రెట్లు ఉంటుంది. రెండూ పొసగవు, నాదం చెదురుతుంది. నడుమ బరువు సరిగ్గా కుదిరితే అనుస్వరాలు వరసలోకి వస్తాయి. మన డోళ్ల విషయంలో ఈ సంగతిని సి.వి. రామన్ 1920లోనే రాశారు. 14వ శతాబ్దపు వియత్నామీ చరిత్రకారుడు లే తాక్ కూడా, గుండ్రంగా పొడవుగా ఉండే ఇలాంటి డోలు చంపా దేశానిదనీ (నేటి మధ్య వియత్నాం ప్రాంతం), మెదిపిన అన్నం రెండు ముఖాలకీ నడిమధ్య అంటిస్తే నాదం స్పష్టంగా పలుకుతుందనీ రాశాడు. అక్కడి ‘మీ సన్’ అనే చోట శివాలయాలు కట్టించినవారు ఆ చంపా రాజులే. మృదంగంతో పోలిక చూసి నేనిప్పుడు ఆశ్చర్యపోను.

ఇక పద్ధతి. ఉప్పు, నూనె తగలని అన్నం మామూలు కంటే మెత్తగా వండండి. బాస్మతి వద్దు, అతకదు. మిక్సీ కూడా వద్దు. అరచేతిలో బొటనవేలితో మెదిపితేనే పాకం చేతికి తెలుస్తుందని నా నమ్మకం. శనగగింజంత తీసుకుని, సరిగ్గా నడుమ, రూపాయి బిళ్లంత పరచండి: మధ్యలో మందం, అంచుల్లో పలచన. వాయించి వినండి. చాలకపోతే మళ్లీ శనగగింజంతే.

రెండు ముఖాలకీ ఒకే కొలత పెట్టకండి. మంద్రంగా పలికేది ‘థో’, అంటే మన్ను. హెచ్చుగా పలికేది ‘కిమ్’, అంటే లోహం. థో షడ్జమం (స) అయితే కిమ్ పంచమం (ప). ముందు కిమ్ నిలిపి, తర్వాత థోను దానికి దించడం నా అలవాటు.

అభ్యాసం: ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు, మూడు వేర్వేరు శృతుల్లో. తంబురా మోగుతుండగా వట్టి తోలు నుంచి మొదలుపెట్టి స–ప కుదర్చండి. ప్రతిసారీ అన్నం పూర్తిగా తీసేయాలి. తడిగుడ్డ ముద్ద మీద మాత్రమే కాసేపు ఉంచి, నానాక వేలి కొసతో దొర్లించి తీయండి. గోరు తగలనివ్వకండి.